పతకానికి పూలదండ, వీధిలో వెక్కిరింత

ఈశాన్య ప్రజలకు మహానగరాలలో తప్పని జాతి వివక్ష

న్యూఢిల్లీ: 2020 మార్చి 22న దేశమంతటా జనతా కర్ఫ్యూ పాటించారు. ఆ రాత్రి ఢిల్లీలోని విజయ్ నగర్ ప్రాంతంలో సరుకుల కోసం బయటకు వచ్చిన మణిపూర్ యువతిపై స్కూటరు మీద వచ్చిన ఒక వ్యక్తి ఉమ్మివేసి, 'కరోనా' అని అరిచి వెళ్ళిపోయాడు. పోలీసులు కొద్ది రోజులకే అతడిని అరెస్టు చేశారు. పదహారు నెలల అనంతరం, 2021 జులై 24న, అదే మణిపూర్‌కు చెందిన మీరాబాయి చాను టోక్యో ఒలింపిక్స్‌లో 49 కిలోల విభాగంలో మొత్తం 202 కిలోల బరువెత్తి రజత పతకం సాధించింది. 2000లో సిడ్నీలో శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి కాంస్యం గెలిచిన తరువాత వెయిట్ లిఫ్టింగ్‌లో భారత్‌కు దక్కిన ఒలింపిక్ పతకం అదే. దేశం యావత్తూ ఆమెకు నీరాజనాలు పట్టింది.

ఆ నీరాజనాల నడుమే అస్సాంకు చెందిన అంకితా కొన్వర్ సామాజిక మాధ్యమంలో ఒక చేదు మాట అన్నారు. ఈశాన్య ప్రాంతం వారు పతకం గెలిచినప్పుడే భారతీయులవుతారని, తక్కిన రోజుల్లో వారిని చింకీలు, చైనీయులు, నేపాలీలు అంటారని, ఇప్పుడు ఆ జాబితాలో కరోనా కూడా చేరిందని ఆమె వ్యాఖ్యానించారు. నటుడు, మోడల్ మిలింద్ సోమన్ భార్య అయిన ఆమె మాటలు విస్తృతంగా ప్రచారంలోకి వచ్చాయి. అవి ఎంతోమంది అనుభవానికి అద్దం పట్టడమే అందుకు కారణం.

ఇవి రెండు వేర్వేరు సంఘటనలుగా కనిపించవచ్చు. నిజానికి ఒకే సమస్యకు ఇవి రెండు ముఖాలు. విజేతను అక్కున చేర్చుకోవడం దేశం నేర్చుకుంది. అదే ముఖకవళికలతో అద్దె ఇంటి కోసం వచ్చిన విద్యార్థినిని, హోటల్లో వడ్డించే యువకుడిని తనవారిగా చూడడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు. పైపెచ్చు, మూకదాడి వంటి ఘోరాలకు చట్టంలో శిక్ష ఉన్నా, నిత్యం ఎదురయ్యే దూషణకు, చీదరింపునకు ప్రత్యేకించి చట్టమంటూ లేదు.

పురోగతి వాస్తవమే

గత మూడు దశాబ్దాలలో ఈశాన్య రాష్ట్రాలు సాధించిన పురోగతిని తక్కువగా అంచనా వేయడానికి వీలులేదు. మేఘాలయకు చెందిన పి.ఏ. సంగ్మా 1996 నుంచి 1998 వరకు లోక్‌సభ స్పీకర్‌గా వ్యవహరించారు. సిక్కింకు చెందిన బైచుంగ్ భూటియా భారత ఫుట్‌బాల్ జట్టుకు నాయకత్వం వహించాడు. మణిపూర్‌లో పేద రైతు కుటుంబంలో పుట్టిన మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్‌గా నిలిచి, 2016లో రాజ్యసభకు నామినేట్ అయింది. ఈశాన్య విద్యార్థుల ఉన్నత విద్య కోసం విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2014-15లో ఈశాన్ ఉదయ్ పథకం కింద ఏటా 10,000 ఉపకార వేతనాలను ప్రారంభించింది. 2018 డిసెంబర్‌లో బ్రహ్మపుత్రపై బోగీబీల్ వంతెన ప్రారంభమైంది. 2025 సెప్టెంబర్‌లో మిజోరాం రాజధాని ఐజ్వాల్ చేరువకు రైలు మార్గం చేరింది.

కాగా, రైలు మార్గాల ద్వారా దూరం తగ్గినంత సులభంగా మనసుల మధ్య దూరం తగ్గడం లేదు. చదువుకు, ఉద్యోగానికి ఢిల్లీ, బెంగళూరు, పుణె, హైదరాబాద్ నగరాలకు వస్తున్న ఈశాన్య యువతీయువకుల సంఖ్య పెరిగింది. హోటళ్ళు, విమానయాన సంస్థలు, ఆసుపత్రులు, షాపింగ్ మాల్స్, బ్యూటీ పార్లర్లలో వారు పెద్ద సంఖ్యలో పనిచేస్తున్నారు. వారి ఇంగ్లీషు, మర్యాద, రూపం కొన్ని రంగాలలో యజమానులకు నచ్చే అంశాలు. విచిత్రమేమిటంటే, పనిలో అర్హతగా పరిగణించే ఆ రూపమే పని ముగించుకుని వీధిలోకి రాగానే వెక్కిరింతకు కారణమవుతోంది.

2012 ఆగస్టు ఈ వైరుధ్యాన్ని మరీ స్పష్టంగా చూపింది. ఆ నెల మొదటి పక్షంలో లండన్ ఒలింపిక్స్‌లో మేరీ కోమ్ కాంస్య పతకం గెలిచింది. పత్రికల మొదటి పేజీలలో ఆమె బొమ్మ అచ్చయి వారం గడిచేసరికి బెంగళూరు రైల్వే స్టేషన్ ఈశాన్య ప్రజలతో కిక్కిరిసిపోయింది. అంతకుముందు జులైలో అస్సాంలోని కోక్రాఝర్ ప్రాంతంలో జరిగిన హింసాకాండకు ప్రతీకారంగా తమపై దాడులు జరుగుతాయన్న వదంతులు సెల్‌ఫోన్ సందేశాలుగా వ్యాపించాయి. వేలాదిమంది ఉద్యోగాలు, చదువులు వదిలి గువాహటి రైళ్ళు ఎక్కారు. రైల్వే శాఖ ప్రత్యేక రైళ్ళు నడపవలసి వచ్చింది. కేంద్ర ప్రభుత్వం పదిహేను రోజుల పాటు మూకుమ్మడి సందేశాలను నిషేధించి, రోజుకు ఐదు సందేశాలకే పరిమితి విధించింది. ఇరుగుపొరుగు తమకు అండగా నిలుస్తారన్న నమ్మకమే ఉంటే, ఒక వదంతికి ఇంతమంది మూటాముల్లె సర్దుకుని వెళ్ళి ఉండేవారు కాదు.

అద్దె ఇల్లు, వంటింటి వాసన

వివక్ష తొలుత ఎదురయ్యేది అద్దె ఇంటి గుమ్మం వద్దనే. ముఖం చూడగానే ఇల్లు ఖాళీ లేదనడం, ఉన్నా అద్దె పెంచి చెప్పడం, రాత్రి ఫలానా వేళ దాటితే తలుపు తీయబోమనడం వారికి పరిపాటి. తరువాతి తగువు వంటింటిలో మొదలవుతుంది. సోయా గింజలను పులియబెట్టి నాగాలు తయారుచేసే అఖుని, లేత వెదురు మొలకల కూర వారికి నిత్యాహారం. వాటి వాసన పొరుగువారికి కొత్త. ఎండుచేపల పులుసు కాగుతున్నప్పుడు పక్కవాటా వారు ముక్కు మూసుకుంటే మనకు ఎలా ఉంటుందో, వారికీ అలాగే ఉంటుంది.

ఈ ధోరణికి ఒకప్పుడు పోలీసులే ముద్ర వేయడం గమనార్హం. 2007లో ఢిల్లీ పోలీసులు ఈశాన్య విద్యార్థుల భద్రత కోసమంటూ ఒక చిన్న పుస్తకం వెలువరించారు. అంగాంగ ప్రదర్శన చేసే దుస్తులు వేసుకోవద్దని, వెదురు మొలకలు, అఖుని వంటి ఘాటైన వాసనల వంటకాలు వండేటప్పుడు ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలగకుండా చూసుకోవాలని అందులో హితవు పలికారు. వేధించేవాడిని మందలించవలసిన యంత్రాంగం, వేధింపునకు గురయ్యేవారికి నడవడిక నేర్పబోయిందన్న విమర్శలు వెల్లువెత్తాయి. ఇదే అఖుని వంట చుట్టూ, ఢిల్లీలోని ఈశాన్య యువత పాట్లపై 2019లో నికొలస్ ఖర్కొంగోర్ ఒక హిందీ చిత్రం తీశారు.

కరోనా కాలంలో ఈ వైఖరి మరింత ముదిరింది. 2020 మార్చిలో మైసూరులో ఇద్దరు నాగా విద్యార్థులను విదేశీయులన్న అనుమానంతో ఒక సూపర్ మార్కెట్‌లోకి రానివ్వలేదు. తాము భారతీయులమేనని మొత్తుకున్నా ప్రయోజనం లేకపోయింది. ఇటువంటి సంఘటనలు పెచ్చుమీరడంతో, ఈశాన్య ప్రజలను వేధించేవారిపై చర్య తీసుకోవాలని కేంద్ర హోంశాఖ ఆ నెలలోనే అన్ని రాష్ట్రాలకు లేఖ రాసింది. సొంత దేశంలో సరుకులు కొనుక్కోవడానికి పౌరసత్వం రుజువు చేసుకోవలసి రావడం కన్నా అవమానం ఏముంటుంది?

ఒక మరణం, ఒక కమిటీ

ఈ అవమానాలు ప్రాణాంతకం కాగలవని 2014 జనవరిలో దేశానికి తెలిసివచ్చింది. అరుణాచల్ ప్రదేశ్ శాసనసభ్యుని కుమారుడు, విద్యార్థి నీడో తానియా స్నేహితులతో ఢిల్లీ వచ్చి, లజ్‌పత్ నగర్‌లో ఒక చిరునామా కోసం దుకాణం వద్ద ఆగాడు. అతని జుట్టును, రూపాన్ని చూసి అక్కడివారు గేలిచేశారు. మాటా మాటా పెరిగింది. కోపంతో అతడు దుకాణం అద్దం పగలగొట్టాడు. దానిపై అతడిని తీవ్రంగా కొట్టారు. మరునాడు అతడు మరణించాడు. రాజధానిలో ఈశాన్య విద్యార్థులు రోజుల తరబడి ఆందోళన చేశారు.

ఆ ఒత్తిడి ఫలితంగా కేంద్రం ఫిబ్రవరిలో విశ్రాంత ఐఏఎస్ అధికారి ఎం.పి. బెజ్‌బారువా అధ్యక్షతన కమిటీని నియమించింది. జులైలో నివేదిక అందింది. జాతి దూషణను నేరంగా పరిగణిస్తూ భారత శిక్షాస్మృతిలో 153సి, 509ఏ అనే కొత్త సెక్షన్లు చేర్చాలని, కేసుల సత్వర విచారణకు ఏర్పాట్లు చేయాలని, పోలీసు విభాగాలను పటిష్ఠం చేయాలని, ఈశాన్య చరిత్ర, సంస్కృతులను పాఠ్యాంశాలుగా చేర్చాలని అందులో సిఫార్సు చేశారు. ఢిల్లీ పోలీసులు ఈశాన్య ప్రజల కోసం ప్రత్యేక విభాగాన్ని, 1093 నంబరుతో సహాయవాణిని ఏర్పాటు చేశారు. 2016 డిసెంబర్ 14న కర్మ దోర్జీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువరిస్తూ, ఈ ఫిర్యాదులపై తీసుకున్న చర్యలను పర్యవేక్షించేందుకు హోంశాఖ సంయుక్త కార్యదర్శి సహా కమిటీని ఏర్పాటు చేయాలని ఆదేశించింది.

సిఫార్సులలో అతి ముఖ్యమైన ఆ రెండు సెక్షన్లు మాత్రం చట్టరూపం దాల్చలేదు.

చట్టం ఎక్కడ ఆగింది?

2012 మేలో కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు ఒక సూచన చేసింది. ఈశాన్య ప్రజలను జాతిపరంగా దూషించే వారిపై 1989 నాటి షెడ్యూల్డ్ కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టాన్ని ప్రయోగించాలన్నది దాని సారాంశం. అయితే ఈ చట్టం షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికే వర్తిస్తుంది. ఈశాన్యంలో అందరూ షెడ్యూల్డ్ తెగలవారు కారు. మణిపూర్ లోయలోని మైతేయిలలో అత్యధికులకు, అస్సామీలలో పెక్కుమందికి ఈ రక్షణ లేదు. ఒకే వీధిలో, ఒకే మాటతో అవమానం పొందిన ఇద్దరు మిత్రులలో ఒకరికి చట్టం అండ ఉండగా, మరొకరికి లేకపోవడం విడ్డూరం.

భారత శిక్షాస్మృతి స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. ఐదుగురు లేదా అంతకు మించి గుమికూడి జాతి, కులం, జన్మస్థలం, భాష వంటి కారణాలతో హత్య చేస్తే మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష విధించేందుకు 103వ సెక్షన్ వీలు కల్పిస్తోంది. అదే రీతిలో తీవ్రంగా గాయపరిస్తే 117వ సెక్షన్ కింద ఏడేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. ఇది ఆహ్వానించదగిన మార్పు. కాని ఈ రెండు సెక్షన్లకూ ఐదుగురు కావాలి, రక్తం చిందాలి. సమూహాల మధ్య వైరం రెచ్చగొట్టడాన్ని నేరంగా పరిగణించే 196వ సెక్షన్ ఉన్నా, బస్సులో ఒకరు ఒక విద్యార్థినిని చూసి విసిరిన మాట వైరం రెచ్చగొట్టడం కిందికి వస్తుందని నిరూపించడం అంత తేలిక కాదు.

దీని పర్యవసానం 2025 డిసెంబర్‌లో మళ్ళీ కనిపించింది. త్రిపురకు చెందిన ఒక విద్యార్థి డెహ్రాడూన్‌లో దాడికి గురై, రెండు వారాలకు పైగా ఆసుపత్రిలో మృత్యువుతో పోరాడి మరణించాడు. జాతిపరమైన దూషణను ప్రతిఘటించినందుకే దాడి జరిగిందని అతని కుటుంబం ఆరోపించింది. జాతి వివక్షకు ఆధారాలు లభించలేదని పోలీసులు తొలుత ప్రకటించారు. ఈ వివాదం ఎలా తేలినా, ఒక సంగతి స్పష్టం. దూషణ దానికదే నేరం కానప్పుడు దాన్ని నమోదు చేసే అలవాటు పోలీసు ఠాణాలకు ఉండదు. నమోదు కానిదానికి ఆధారం దొరకదు. నీడో తానియా మరణించి పదకొండేళ్ళు దాటినా దేశం అదే ప్రశ్న దగ్గర నిలబడి ఉంది.

ఆఫ్రికన్లకూ ఇదే అనుభవం

సొంత పౌరులకే ఈ గతి పడితే, విదేశీయుల పరిస్థితి వేరుగా ఉంటుందనుకోలేము. 2016 జనవరి 31న బెంగళూరు శివారులో సూడాన్ దేశస్థుని కారు ఢీకొని ఒక మహిళ మరణించింది. కొంతసేపటికి అటుగా వచ్చిన టాంజానియా విద్యార్థినిపై జనం దాడిచేసి, ఆమె దుస్తులు చింపివేశారు. ఆమెకు ఆ ప్రమాదంతో సంబంధమే లేదు. ఆమె శరీర వర్ణమే ఆమె చేసిన నేరం. అదే ఏడాది మేలో ఢిల్లీలో ఆటో విషయమై తలెత్తిన తగాదాలో కాంగో యువకుడిని కొట్టి చంపారు. దానికి నిరసనగా ఆఫ్రికా దేశాల రాయబారులు ఆఫ్రికా దినోత్సవాలను వాయిదా వేయాలని భారత్‌ను కోరారు. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో ఒక బాలుడి మరణంపై వదంతులు వ్యాపించగా నైజీరియా విద్యార్థులపై మూకలు విరుచుకుపడ్డాయి.

దక్షిణాఫ్రికాలో భారతీయుల పట్ల వివక్షను 1946లోనే ఐక్యరాజ్య సమితి ముందుంచిన దేశం మనది. అన్ని రకాల జాతి వివక్షల నిర్మూలనకు ఉద్దేశించిన అంతర్జాతీయ ఒప్పందాన్ని 1968లోనే ధ్రువీకరించాము. జాతి, జన్మస్థలం కారణంగా ఎవరినీ దుకాణాలలోకి, హోటళ్ళలోకి రానివ్వకపోవడం తగదని రాజ్యాంగంలోని 15వ అధికరణం నిర్దేశిస్తోంది. దౌత్యవేదికపై పలికిన మాటకు, వీధిలో వినిపించే మాటకు మధ్య అంతరం ఇంత ఉండటం శోచనీయం.

ఆఫ్రికా సంతతి ప్రజలు మనకు కొత్తవారు కూడా కారు. శతాబ్దాల క్రితం సైనికులుగా, నావికులుగా, బానిసలుగా వచ్చిన సిద్దీలు గుజరాత్‌లోను, కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలోను స్థిరపడ్డారు. హైదరాబాద్‌లోని ఏసీ గార్డ్స్ పేటకు ఆ పేరు నిజాం కొలువులోని ఆఫ్రికన్ అశ్వికదళం వల్లనే వచ్చింది. 2020లో శాంతారామ్ సిద్దీ కర్ణాటక విధాన పరిషత్ సభ్యుడయ్యారు. 2023లో గుజరాత్‌కు చెందిన హీరాబాయి లోబీకి పద్మశ్రీ లభించింది. పాకిస్థాన్‌లోనూ ఇదే సంతతికి చెందిన షీదీ మహిళ తంజీలా కంబ్రానీ 2018లో సింధు అసెంబ్లీలో అడుగుపెట్టారు. అయినప్పటికీ సొంత గ్రామం దాటి వెళ్ళిన సిద్దీని ఏ దేశం నుంచి వచ్చావని అడగడం ఆగలేదు.

2020 జూన్‌లో వెస్టిండీస్ మాజీ కెప్టెన్ డారెన్ సామీ ఒక సంగతి బయటపెట్టాడు. సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టుకు ఆడిన రోజుల్లో తనను 'కాలూ' అని పిలిచేవారని, అది బలాఢ్యుడని మెచ్చుకోవడమనుకున్నానని, అసలు అర్థం తెలిశాక ఆగ్రహం కలిగిందని అతడు చెప్పాడు. అనంతరం ఒక ఆటగాడు తనతో మాట్లాడాడని, ప్రేమతోనే ఆ పేరు వాడినట్లు వివరించాడని కూడా తెలిపాడు. దురుద్దేశం లేదన్న సమాధానం ఇక్కడ ఆలోచించదగినది. ద్వేషం లేకుండానే ఒక మనిషిని రంగుతో పిలవగలగడమే, ఆ అలవాటు ఎంతగా వేళ్ళూనుకున్నదో చెబుతోంది. పెళ్ళిచూపుల నాడు పిల్ల ఎర్రగా బుర్రగా ఉందా అని ఆరా తీసే ఇళ్ళలో ఇది వేరుగా నేర్పనక్కరలేదు. 1975లో మార్కెట్లోకి వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము 2020లో పేరు మార్చుకుంది. అద్దం ముందు ఆశ మాత్రం మారలేదు.

మనకు తెలిసిన బాధే

తెలుగువారికి ఈ బాధ తెలియనిది కాదు. బతుకుతెరువుకు బొంబాయి, ఢిల్లీ వెళ్ళిన తెలుగువారు ఏళ్ళ తరబడి 'మద్రాసీ' అన్న పిలుపు భరించారు. 1960లలో బొంబాయిలో దక్షిణాదివారికి వ్యతిరేకంగా ఆందోళనే నడిచింది. 2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేత్‌లో హైదరాబాద్ ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ను, తమ దేశం విడిచి పొమ్మని అరుస్తూ ఒక శ్వేతజాతీయుడు కాల్చి చంపాడు. అతడికి శ్రీనివాస్ ఎవరో, ఏ దేశస్థుడో తెలియదు. ఇరాన్ వాడనుకున్నాడు. ముఖం చూసి దేశం నిర్ణయించడం అక్కడైనా, ఇక్కడైనా ఒకటే.

ఆ కేసులో హంతకునికి హత్యానేరంపైనే కాక, ఫెడరల్ విద్వేష నేరం కింద కూడా 2018లో యావజ్జీవ శిక్షలు పడ్డాయి. అక్కడి చట్టం హత్యను హత్యగా, ద్వేషాన్ని ద్వేషంగా గుర్తించింది. అంతమాత్రాన అమెరికాలో జాతి విద్వేషం అంతరించిందనడానికి వీలులేదు. అయితే శ్రీనివాస్ కుటుంబానికి, అతడు దేనివల్ల మరణించాడో న్యాయస్థానం తేల్చి చెప్పింది. నీడో తానియా మరణానంతరం ఈశాన్య ప్రజలు కోరినది కూడా ఇదే.

అదే సమయంలో మన పట్టణాలలో రాత్రి కాపలాకు వచ్చేవారిని ఊరూ పేరూ అడగకుండా 'గూర్ఖా' అని పిలవడం, హోటల్లో పనిచేసే మిజో, నాగా, ఖాసీ యువకులందరినీ 'నేపాలీ' అనడం మనకు అలవాటు. మద్రాసీ అన్న మాటకు నొచ్చుకున్నవారికి ఈ మాట నొప్పి తెలియకపోవడమే ఆశ్చర్యం.

బెజ్‌బారువా కమిటీ ప్రతిపాదించిన విధంగా జాతి దూషణను నేరంగా నిర్వచిస్తే, పోలీసు ఠాణాలలో ఆ ఫిర్యాదుకు ఒక పేరు, ఒక లెక్క ఏర్పడతాయి. ఈశాన్య చరిత్రను పరీక్షలో మార్కులు వచ్చే పాఠంగా చేర్చితే, కొహిమా, ఇంఫాల్ ఏ దేశంలో ఉన్నాయన్న ప్రశ్న వచ్చే తరానికైనా తప్పుతుంది. ఇవి ప్రభుత్వాలు చేయవలసిన పనులు.

చట్టం చేరలేని చోట మిగిలేది పక్కన నిలబడినవారే. ఒలేత్ బారులో ఆ రాత్రి శ్రీనివాస్‌ను, అతని మిత్రుడిని కాపాడేందుకు ఇయాన్ గ్రిల్లట్ అనే అమెరికన్ యువకుడు తుపాకీకి ఎదురు వెళ్ళి గాయపడ్డాడు. మన వీధుల్లో అంత సాహసం అవసరం రాదు. బస్సులోనో, దుకాణం వద్దనో ఆ మాట వినిపించినప్పుడు నవ్వకుండా ఉండటం, తప్పని ఒక్క మాట అనడం చాలు.